చీకట్లో దండెం తీగల్ని తప్పించుకునే గబ్బిలం అద్దానికి ఎందుకు గుద్దుకుంటుంది?

లంకఊరు_శ్రీను:

అందరికీ నమస్కారం. చాలా రోజుల్నించి బుర్రలో తిరుగుతున్న డౌటు, తెలిసినవాళ్ళు ఎవరైనా చెప్తారని ఇక్కడ పెడుతున్నా. కొంచెం పొడుగైంది, ఓపిగ్గా చదవండి.

మాది కోనసీమలో లంక ఊరు. మొన్న సంక్రాంతికి ఇంటికెళ్ళినప్పుడు రాత్రి ఏడున్నరకి కరెంటు పోయింది, వీధి తలుపు బార్లా తీసే ఉంది, ఇంతలో చిన్న గబ్బిలం ఒకటి, పిచ్చుకంత కూడా లేదు, సర్రున లోపలికొచ్చేసింది. మా నడింటి గదిలో అడ్డంగా మూడు దండేలు కట్టుంటాయి, రెండు సన్నటి ఇనప తీగలు, ఒకటి నైలాన్ తాడు, మధ్యలో ఆగిపోయిన ఫ్యాను, ఓ మూల దోమతెర. వెలుగంటే పక్క గదిలో కొవ్వొత్తి ఒక్కటే. పిల్లలు కేకలు, మా అమ్మ చీపురు పట్టుకుంది, అది మాత్రం గదిలో ఏడెనిమిది చుట్లు తిరిగింది. ఒక్క తీగకి తగల్లేదు, ఫ్యాను రెక్కకి తగల్లేదు, నా మొహం పక్కనించి వెళ్తే గాలి తగిలింది గానీ రెక్క తగల్లేదు. తర్వాత వచ్చిన తలుపులోంచే వెళ్ళిపోయింది. మా నాయనమ్మ మంచం మీంచి లేవకుండానే "దానికి కళ్ళుండవురా, చెవుల్తో చూస్తది, మిమ్మల్నేం చెయ్యదు, ఊరుకోండి" అంది.

సరే అద్భుతం అనుకున్నా. కానీ హైదరాబాద్ వచ్చాక ఇంకో సంగతి. మా ఆఫీసు బిల్డింగు ఒక పక్కంతా అద్దాలే, పై నించి కింద దాకా. పొద్దున్న షిఫ్టుకి వెళ్తే అద్దం గోడ కింద చిన్న గబ్బిలం పడి ఉంది, చచ్చిపోయింది. అక్కడి వాచ్‌మన్‌ని అడిగితే అప్పుడప్పుడూ దొరుకుతాయి బాబూ, ఊడ్చేస్తాం అన్నాడు. ఆయన ఎంత మామూలుగా చెప్పాడో నాకంత బాధేసింది, ఎందుకంటే వారం కిందే అలాంటిది మా ఇంట్లో వెంట్రుకవాసి తేడాతో తీగల మధ్యలోంచి వెళ్ళడం కళ్ళారా చూశాను కదా.

సన్నటి తీగ తెలిసినదానికి అంతస్తుల కొద్దీ ఉన్న అద్దం గోడ తెలీకపోవడం ఏంటి? అసలు ఈ చెవుల్తో చూడటం ఎలా పనిచేస్తుంది? నిజంగా కళ్ళుండవా?

రాత్రి_డిటెక్టర్:

శ్రీను గారూ, మీ నాయనమ్మ గారు సగం కరెక్టు. చెవుల్తో చూస్తుంది అన్నది నిజం. కళ్ళుండవు అన్నది కాదు, గబ్బిలాల్లో గుడ్డి జాతి అంటూ ఒక్కటీ లేదు, మీ ఇంటికొచ్చిన చిన్నదానికి కూడా ఆవగింజల్లాంటి కళ్ళుంటాయి. చీకట్లో తీగలు తప్పించుకోవడానికి అవి చాలవు, అంతే.

నేను జువాలజీలో ఎమ్మెస్సీ చేసేటప్పుడు రెండేళ్ళు రాత్రిళ్ళు పాడుబడ్డ కోటలు, గుహలు పట్టుకుని తిరిగాను, చేతిలో బ్యాట్ డిటెక్టర్ అని చిన్న పెట్టె. అది గబ్బిలం అరుపుని మనకి వినపడే శబ్దంగా మార్చి వినిపిస్తుంది. మొదటిసారి విన్నరోజు నేను మర్చిపోలేను. ఓ చెరువు గట్టు మీద నిలబడి ఉన్నాం, చుట్టూ నిశ్శబ్దం, కీచురాళ్ళు తప్ప ఏమీ లేదు. డిటెక్టర్‌ని 45 కిలోహెర్ట్జ్ (అంటే సెకనుకి 45 వేల అదుర్లు, ఈ అంకె పెరిగేకొద్దీ శబ్దం సన్నబడుతుంది) దగ్గర పెట్టి ఆన్ చేశానో లేదో టక్ టక్ టక్ టక్ అని చుట్టూ మోతే మోత. అంటే ఇంతసేపూ మా తలల మీద అంత గోల జరుగుతోంది, మాకు వినపళ్ళేదు. మనిషి చెవి 20 కిలోహెర్ట్జ్ దాకా వింటుంది, అదీ చిన్న వయసులో, పెద్దయ్యేకొద్దీ ఇంకా తగ్గుతుంది. గబ్బిలాల అరుపులు ఎక్కువ భాగం దానికి పైన ఉంటాయి, కొన్ని జాతులు 100 దాటి కూడా అరుస్తాయి. పైగా అవి చిన్న అరుపులు కావు, నోటికి పది సెంటీమీటర్ల దూరంలో కొలిస్తే 110 డెసిబెల్స్ దాటే జాతులున్నాయి. మనకి వినపడి ఉంటే సాయంత్రం పూట పెరట్లో కూర్చోలేం.

పనిచేసే పద్ధతి చెప్తాను. అది అరుస్తుంది, ఆ శబ్దం ఎదురుగా ఉన్నదానికి తగిలి వెనక్కొస్తుంది, ఎంతసేపట్లో వచ్చిందో దాన్నిబట్టి దూరం తెలుస్తుంది. గాలిలో శబ్దం సెకనుకి దాదాపు 343 మీటర్లు వెళ్తుంది కాబట్టి మీ దండెం తీగ మీటరు దూరంలో ఉంటే వెళ్ళి రావడానికి సెకనులో వెయ్యో వంతులు ఆరు కూడా పట్టవు. అంత చిన్న తేడాని దాని మెదడు లెక్కగడుతుంది. రెండు చెవులకీ వచ్చే తేడాని బట్టి ఏ పక్కన ఉందో, వచ్చిన ప్రతిధ్వని తీరుని బట్టి గరుకా నునుపా, చిన్నదా పెద్దదా అన్నీ తెలుస్తాయి. తన అరుపుకి తనకే చెవుడు రాకుండా అరిచే ముందు చెవి లోపలి చిన్న కండరం బిగుసుకుని, ప్రతిధ్వని వచ్చేలోపు వదులవుతుంది.

మరి అంత సన్నగా ఎందుకు అరవాలి, కాకిలాగా అరిస్తే సరిపోదా అంటే సరిపోదు. శబ్దం అలల్లాగా వెళ్తుంది కదా, అల పొడుగ్గా ఉండి వస్తువు సన్నగా ఉంటే ఆ అల దాని చుట్టూ జారుకుని ముందుకెళ్ళిపోతుంది, వెనక్కి తిరిగొచ్చేది చాలా తక్కువ. కాలవలో పెద్ద అల వచ్చినప్పుడు పాతిన వెదురు కర్రని చూడండి, అల దాని మీదుగా వెళ్ళిపోతుంది, కర్ర ఉందనే తెలీదు దానికి. 34 కిలోహెర్ట్జ్ దగ్గర అల పొడుగు ఒక సెంటీమీటరు, 68 దగ్గర అర సెంటీమీటరు. పురుగులు ఆ సైజులోనే ఉంటాయి. అందుకే అంత సన్నటి గొంతు. దీనికో నష్టం కూడా ఉంది, అంత సన్నటి శబ్దాన్ని గాలి తొందరగా మింగేస్తుంది, అందుకని చిన్న పురుగైతే కొన్ని మీటర్ల లోపలే కనిపెట్టగలదు. అంటే దాని లోకం చీకట్లో టార్చి వేసుకుని నడిచేవాడి లోకం లాంటిది, టార్చి పడినంత మేరే.

పురుగు దొరికితే వినాలి మీరు. మామూలుగా వెతికేటప్పుడు సెకనుకి పది పదిహేను అరుపులు, పురుగు ఉందని తెలియగానే అవి దగ్గర దగ్గరగా వస్తాయి, చివర్లో సెకనుకి 150 దాటిపోతాయి, డిటెక్టర్‌లో బ్ర్‌ర్‌ర్ మని గుడ్డ చింపినట్టు వినిపిస్తుంది, తర్వాత ఒక్క క్షణం నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో నోట్లో వేసుకుంది అన్నమాట. దీన్ని ఫీడింగ్ బజ్ అంటారు.

ఇదంతా తెలియడానికి మనుషులకి 150 ఏళ్ళు పట్టింది. 1793లో ఇటలీలో స్పల్లంజానీ అనే ఆయన గుడ్లగూబనీ గబ్బిలాలనీ చీకటి గదిలో ఎగరేసి చూశాడు. కొవ్వొత్తి ఆర్పగానే గుడ్లగూబ గోడలకి కొట్టుకుంది, గబ్బిలం హాయిగా తిరిగింది. తర్వాత ఆయన గబ్బిలాల కళ్ళు పోగొట్టి వదిలాడు (ఇప్పుడు వింటే ఘోరంగా ఉంటుంది, అప్పటి రోజులవి), కొన్నిటిని మళ్ళీ పట్టుకుని పొట్ట కోసి చూస్తే కళ్ళున్న వాటి లాగే కడుపు నిండా పురుగులున్నాయి. జెనీవాలో జురీన్ అనే ఆయన చెవులు మూసి చూశాడు, అప్పుడు అన్నిటికీ గుద్దుకున్నాయి. అంటే అప్పటికే జవాబు చేతిలో ఉంది, కానీ నోటినించి ఏ శబ్దమూ వినపడ్డం లేదు కదా, చెవుల్తో ఏం వింటుంది అన్నారు. పెద్ద పేరున్న ఫ్రెంచ్ శాస్త్రవేత్త కువియే అదంతా స్పర్శే, రెక్కల చర్మానికి గాలి ఒత్తిడి తెలుస్తుంది అని తేల్చేస్తే అందరూ అదే నమ్మేశారు. 1938లో అమెరికాలో హార్వర్డ్‌లో చదువుకుంటున్న డొనాల్డ్ గ్రిఫిన్ అనే కుర్రాడు పియర్స్ అనే ఫిజిక్స్ ప్రొఫెసర్ దగ్గర కొత్తరకం శబ్దం పరికరం ఉందని తెలిసి గబ్బిలాల్ని తీసుకెళ్ళి దాని ముందు పెట్టాడు. ఒకటే మోత. తర్వాత గలాంబోస్ అనే స్నేహితుడితో కలిసి తీగలు వేలాడగట్టి, చెవులు మూసి, నోరు మూసి పరీక్షలు చేసి రుజువు చేశాడు. ఎకోలొకేషన్ (ప్రతిధ్వనితో ఏది ఎక్కడుందో కనిపెట్టడం) అన్న మాట పుట్టించింది కూడా ఆయనే, 1944లో. తర్వాతి పరీక్షల్లో మిల్లీమీటరు కంటే సన్నటి తీగల్ని కూడా తప్పించుకున్నాయి, కాబట్టి మీ దండెం దానికి లెక్కలోది కాదు.

అద్దం సంగతి రాయాలి గానీ ఇప్పుడు వంట చెయ్యాలి, రాత్రికొచ్చి రాస్తాను.

చింతచెట్టు_కింద:

అక్కా మంచిగ చెప్పినవ్. గని నాకొక డౌటు. మాది పాలమూరు దిక్కు, మా ఊరి చెరువు కట్ట మీద పెద్ద చింతచెట్టు ఉంటది, దానికి వందల గబ్బిలాలు ఎండల్నే యాలాడుతుంటయి, ఒక్కోటి రెక్కలు చాపితే మనిషి చేతులు చాపినంత ఉంటది. గవి పొద్దంత కండ్లు తెరిచి మనల్ని చూస్తనే ఉంటయి, చెట్టు కిందికి పోతే అరుస్తయి, గా అరుపు మనకు మంచిగ ఇనవడ్తది. మరి నువ్వు చెప్పినదానికి ఇవి కలుస్తలేవు. ఇంకొకటి, మా ఊర్ల గా పెద్దవి కరెంటు తీగలకు తగిలి సస్తయి, యాడాదికి నాలుగైదు జూస్తం. శ్రీనన్న ఇంట్ల చిన్నది దండెం తీగ తప్పించుకుంటే ఇంత పెద్దదానికి కరెంటు తీగ ఎట్ల తెల్వకపాయె?

రాత్రి_డిటెక్టర్:

తమ్ముడూ చాలా మంచి ప్రశ్న, నేను ముందే చెప్పాల్సింది. మీ చింతచెట్టు మీదవి పండ్లు తినే పెద్ద గబ్బిలాలు, వాటిని ఫ్లయింగ్ ఫాక్స్ అంటారు, మొహం నక్కలా ఉంటుందని. వాటికి ఈ ప్రతిధ్వని విద్య రాదు. పెద్ద కళ్ళు, మంచి ముక్కు, వాటితోనే పండ్లు వెతుక్కుంటాయి. వెన్నెల్లో వాటి చూపు మన చూపుకంటే చాలా మెరుగు. కానీ చీకట్లో సన్నటి తీగ కంటికి కనపడదు కదా, దానికి తోడు రెక్కలు మీటరు పైన ఉంటాయి, ఒకేసారి రెండు తీగలకి తగిలితే షాకు కొట్టేస్తుంది. మీరు చెప్పిన చావులు దేశమంతా ఉన్నాయి. చిన్నదానికి కనపడే తీగ పెద్దదానికి కనపడకపోవడానికి కారణం ఇదే, ఒకటి అరిచి వింటుంది, ఇంకోటి చూస్తుంది.

ఆ కుటుంబంలోనే రూసెట్టస్ అనే రకం గుహల్లో ఉంటుంది, మన గుహల్లోనూ ఉంది. గుహలో కళ్ళు పనికిరావు కాబట్టి అది నాలికతో టక్కు టక్కుమని చప్పుడు చేసి దారి తెలుసుకుంటుంది. గొంతుతో కాదు, నాలికతో. ఆ చప్పుడు మనకి కూడా కొంచెం వినపడుతుంది.

గుహల మాటొచ్చింది కాబట్టి ఒక్కటి చెప్పాలి, నాకు మనసులో ఉండిపోయిన విషయం ఇది. కర్ణాటకలో కోలార్ జిల్లా హనుమనహళ్ళి దగ్గర ఒకే ఒక్క గుహలో ఒక గబ్బిలం జాతి మిగిలి ఉంది, కోలార్ లీఫ్ నోస్డ్ బ్యాట్ అంటారు, ముక్కు మీద ఆకులాంటి మడత ఉంటుంది, శబ్దాన్ని ముక్కులోంచి వదిలి ఆ ఆకుతో ఒక దిక్కుకి పంపిస్తుంది. ప్రపంచం మొత్తం మీద రెండొందల లోపే ఉన్నాయని అంచనా. చుట్టూ గ్రానైట్ క్వారీలు. మన ఉస్మానియా యూనివర్సిటీ వాళ్ళు దాని మీద ఏళ్ళ తరబడి పనిచేశారు. మా గైడు ఆ సంగతి చెప్పిన రోజు క్లాసులో ఎవ్వరం మాట్లాడలేదు.

ఇప్పుడు శ్రీను గారి అద్దం. మీరు క్యారమ్స్ ఆడేవాళ్ళయితే వెంటనే అర్థమవుతుంది. స్ట్రైకర్‌ని బోర్డు అంచుకి ఎదురుగా తిన్నగా కొడితే తిన్నగా మీ దగ్గరికే వస్తుంది, ఏటవాలుగా కొడితే ఏటవాలుగా అవతలికి పోతుంది, మీ చేతికి రాదు. నున్నటి గోడ దగ్గర శబ్దం అదే చేస్తుంది. ఇటిక గోడ, చెట్టు బెరడు, రాయి ఇవన్నీ గరుకుగా ఉంటాయి కాబట్టి ఏ పక్కనించి అరిచినా ఎంతో కొంత చెదిరి వెనక్కొస్తుంది. అద్దం అలా కాదు, గబ్బిలం ఏటవాలుగా వస్తుంటే దాని అరుపు మొత్తం అవతలికి జారిపోతుంది, ఒక్క ముక్క తిరిగి రాదు. ఏమీ తిరిగి రాకపోవడం అంటే దాని భాషలో ఖాళీ అని. దారి ఉంది అని. అందుకే ఆ గోడలోకి ధైర్యంగా వెళ్ళిపోతుంది. బాగా దగ్గరికి, ఎదురుగా వచ్చాక ప్రతిధ్వని వస్తుంది గానీ అప్పటికి ఆగే టైముండదు.

ఇది ఊహ కాదు, జర్మనీలో మాక్స్ ప్లాంక్ పరిశోధన సంస్థ వాళ్ళు 2017లో చూపించారు. చీకటి సొరంగంలో నున్నటి లోహపు పలక నిలబెట్టి 21 గబ్బిలాల్ని వదిలితే 19 దాన్ని గుద్దుకున్నాయి. అదే పలకని నేల మీద పడుకోబెడితే ఒక్కటీ గుద్దుకోలేదు, వంగి నీళ్ళు తాగబోయాయి! ఎందుకంటే అడవిలో నున్నగా అడ్డంగా ఉండేది నీళ్ళొక్కటే. లక్షల ఏళ్ళుగా చెరువు అంటే అలాగే వినపడింది వాటికి. నిలువుగా నున్నగా ఉండేది వాటి లోకంలో ఎప్పుడూ లేదు, మనం కట్టేదాకా.

లంకఊరు_శ్రీను:

అక్కా, ఏమీ తిరిగి రాకపోతే దారి ఉన్నట్టు అన్న మాట చదివి కాసేపు అలా కూర్చుండిపోయాను. థాంక్స్ అన్నది చిన్న మాట. ఒక చిన్న ప్రశ్న మాత్రం ఉంది, ఒక్కో గబ్బిలం గంటకి వెయ్యి దోమలు తింటుందని వాట్సాప్‌లో తిరుగుతుంటుంది, నిజమేనా? నిజమైతే మా ఊళ్ళో వాటికి గుడి కట్టాలి, మా దోమలు అలాంటివి.

రాత్రి_డిటెక్టర్:

ఆ లెక్క గ్రిఫిన్ వాళ్ళు 1960లో చేసిన ప్రయోగంలోంచి వచ్చింది. మూసిన గదిలో దోమలూ చిన్న ఈగలూ బోలెడు వదిలి అందులో గబ్బిలాల్ని వదిలారు, కొన్ని నిమిషాల్లో ఎన్ని తిన్నాయో చూసి గంటకి లెక్కేశారు. బయట అలా తినవు, అక్కడ దోమలు అంత దట్టంగా ఉండవు, పైగా ఒక్క పెద్ద రెక్కల పురుగు దొరికితే అది ఎన్నో దోమలతో సమానం, అది వదిలి దోమ వెంట ఎందుకు పడుతుంది. దోమలు తింటాయి, వరి పురుగుల్నీ తింటాయి, మేలే చేస్తాయి. వెయ్యి అంకె మాత్రం పట్టుకోకండి.

రెక్కల పురుగులు కూడా ఊరికే ఉండవు లెండి. చాలా రకాల చిమ్మటలకి ఈ అరుపు వినడానికే చెవులున్నాయి, వినపడగానే రెక్కలు ముడిచి టపీమని కిందపడిపోతాయి. అమెరికాలో టైగర్ మాత్ అనే ఒక చిమ్మట అయితే సరిగ్గా గబ్బిలం మీదికొచ్చే టైముకి తనే టకటకమని చప్పుడు చేసి దాని ప్రతిధ్వని లెక్కని చెడగొట్టేస్తుంది, 2009లో తేల్చారు.

గంగఒడ్డు_తెలుగువాడు:

నేను జీవశాస్త్రం చదవలేదు, బ్యాంకు ఉద్యోగం, ట్రాన్స్‌ఫర్ మీద బీహార్‌లో భాగల్‌పూర్ వచ్చి మూడేళ్ళయింది. కానీ ఈ చర్చ చదివాక రాయకుండా ఉండలేకపోయాను, ఎందుకంటే ఇక్కడ గంగలో డాల్ఫిన్లున్నాయి, అవీ ఇదే పని నీళ్ళల్లో చేస్తాయి. ఇక్కడివాళ్ళు సూంస్ అంటారు, ఊపిరికి పైకొచ్చినప్పుడు సూమ్మని చప్పుడొస్తుంది, అదే దాని పేరు. ఆదివారం పొద్దున్నే ఘాట్ మీద కూర్చుంటే గంటలో అయిదారు సార్లు కనిపిస్తుంది, పొడుగాటి మూతి ఒక్క క్షణం పైకొచ్చి మళ్ళీ బురద నీళ్ళల్లోకి వెళ్ళిపోతుంది. ఆ నీళ్ళల్లో చెయ్యి పెడితే చెయ్యి కనపడదు.

పైన గబ్బిలాల్లో గుడ్డివి లేవన్నారు కదా, ఈ డాల్ఫిన్ మాత్రం దాదాపు గుడ్డిదే. కంట్లో లెన్సు లేదు, కన్ను గుండుసూది బెజ్జమంత, వెలుతురు ఏ పక్కనుందో మాత్రం తెలుస్తుంది. అలాంటి నీళ్ళల్లో చూపు ఉండీ లాభం లేదు, అందుకని పోయింది. ముక్కు రంధ్రం కింద ఉండే మడతల్ని అదిరించి టిక్ టిక్ మని శబ్దం చేస్తుంది, నుదుటి మీద కొవ్వు ముద్ద ఉంటుంది, అది భూతద్దం ఎండని ఒక చోటికి చేర్చినట్టు శబ్దాన్ని ముందుకి పంపుతుంది. తిరిగొచ్చినది కింది దవడలో ఉన్న కొవ్వు ద్వారా చెవికి చేరుతుంది. దవడతో వింటుంది అన్నా తప్పు కాదు. నీళ్ళల్లో శబ్దం సెకనుకి 1500 మీటర్లు వెళ్తుంది, గాలిలోకంటే నాలుగు రెట్లకి పైన, అంటే దాని లెక్క గబ్బిలం లెక్కకంటే ఇంకా వేగంగా జరగాలి. నిద్రలో కూడా పూర్తిగా ఆపదట, ప్రవాహంలో కొట్టుకుపోకుండా చూసుకోవాలి కదా.

శ్రీను గారి అద్దం లాంటిదే ఇక్కడా ఒకటుంది. నైలాన్ వల. సన్నటి దారం, నీళ్ళల్లో దాన్నించి ప్రతిధ్వని బాగా బలహీనంగా వస్తుంది. చేపల వెనక పడి వెళ్తుంటే తెలిసేసరికి మూతి చిక్కుకుంటుంది. డాల్ఫిన్ చేప కాదు, పైకొచ్చి ఊపిరి తీసుకోకపోతే చచ్చిపోతుంది. మొన్న వానాకాలంలో అలా చిక్కుకున్నదాన్ని ఒడ్డుకి తెచ్చారు, చిన్నది, నేను చూశాను, జాలరి పెద్దాయన దాని పక్కనే కూర్చుని తల పట్టుకున్నాడు, పట్టాలని వేసిన వల కాదు అది. ఇక్కడ సుల్తాన్‌గంజ్ నుంచి కహల్‌గావ్ దాకా నదిని విక్రమశిల డాల్ఫిన్ అభయారణ్యం చేశారు. 2025లో వచ్చిన లెక్క ప్రకారం దేశం మొత్తంలో నది డాల్ఫిన్లు 6,327.

అన్నట్టు అన్ని తిమింగలాలకీ ఈ విద్య లేదు, పళ్ళున్న జాతులకే. నోట్లో జల్లెడ లాంటివుండే పెద్ద తిమింగలాలు పాటలు పాడతాయి గానీ ప్రతిధ్వనితో వేటాడవు.

చప్పుడు_చూపు:

అందరికీ నమస్తే. నేను ప్రభుత్వ స్కూల్లో సోషల్ టీచర్ని, అనంతపురం జిల్లా. పుట్టుకతోనే చూపు లేదు, ఫోన్ చదివి వినిపిస్తుంటే ఈ చర్చంతా విన్నాను, పొద్దున్నించి రెండుసార్లు విన్నాను. మీరంతా గబ్బిలం గురించీ డాల్ఫిన్ గురించీ రాశారు, మనుషుల గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తున్నా.

చిన్నప్పుడు అంధుల హాస్టల్లో పెరిగాను. అక్కడ మేమంతా వరండాలో పరిగెత్తేవాళ్ళం, స్తంభాలు తప్పించుకుంటూ. ఎవరూ నేర్పలేదు. చూపున్న వార్డెన్ గారు చూసి ఆశ్చర్యపోయి స్తంభం ఉందని నీకెలా తెలిసిందిరా అని అడిగితే నేను "మొహానికి తెలుస్తుంది సార్, నుదుటి మీద బరువు పడినట్టుంటుంది" అని చెప్పాను. నిజంగా అలాగే అనిపించేది. మా ఫ్రెండ్సందరిదీ అదే మాట. చాలా ఏళ్ళ తర్వాత బీఎడ్‌లో ఉన్నప్పుడు తెలిసింది, 1944లో అమెరికాలో కార్నెల్ యూనివర్సిటీలో దీని మీద పరీక్షలు చేశారని. అప్పటి గుడ్డివాళ్ళు కూడా మొహానికే తెలుస్తుందని చెప్పారట. మొహానికి మందంగా ముసుగు కప్పితే అయినా గోడ ముందు ఆగారు. చెవులు మూస్తే గుద్దుకున్నారు. అంటే వినేది చెవే, మనసుకి మాత్రం అది మొహం మీద తాకినట్టు అనిపిస్తుంది. పైన అక్క రాసిన కువియే గారు గబ్బిలానికి స్పర్శతో తెలుస్తుందన్నారు కదా, నేను నవ్వుకోలేదు, ఎందుకంటే నా ఒంటి సంగతే నేను ముప్ఫై ఏళ్ళు అలా పొరబడ్డాను.

ఇప్పుడు కావాలని నాలికతో టక్ మని చప్పుడు చేస్తాను. అమెరికాలో డేనియల్ కిష్ అనే ఆయన ఉన్నాడు, 13 నెలలకే రెండు కళ్ళూ క్యాన్సర్ వల్ల తీసేశారు, ఆయన నాలిక చప్పుళ్ళతోనే సైకిల్ తొక్కుతాడు, ఎంతోమంది పిల్లలకి నేర్పించాడు. 2011లో కెనడాలో ఇలాంటి వాళ్ళ మెదడు స్కాన్ చేస్తే ప్రతిధ్వని విన్నప్పుడు చూపుకి సంబంధించిన భాగం పనిచేసిందట. 2021లో ఇంగ్లండ్‌లో డరమ్ యూనివర్సిటీ వాళ్ళు 10 వారాలు శిక్షణ ఇస్తే 21 నుంచి 79 ఏళ్ళ దాకా అన్ని వయసులవాళ్ళూ నేర్చుకున్నారు, చూపున్నవాళ్ళు కూడా.

నాకు ఎలా ఉంటుందో చెప్తాను. ఖాళీ మైదానంలో టక్ అంటే ఆ చప్పుడు వెళ్ళిపోతుంది, రాదు. గోడ ముందైతే చప్పుడు గట్టిపడుతుంది, దగ్గరయ్యేకొద్దీ సన్నబడి మొహం మీదికొస్తుంది. లారీ పక్కన నడుస్తుంటే ఒక పక్క చెవి మూసుకున్నట్టుంటుంది, లారీ అయిపోగానే ఆ చెవి తెరుచుకుంటుంది. కర్టెన్లున్న గది మెత్తగా, కొత్తగా కట్టిన ఖాళీ ఇల్లు గట్టిగా ఉంటుంది. క్లాసులోకి అడుగుపెడితే పిల్లలున్నారా గ్రౌండ్‌కి వెళ్ళారా వాళ్ళు మాట్లాడకపోయినా తెలుస్తుంది, మనుషులు శబ్దాన్ని పీల్చుకుంటారు.

తెలియనివి కూడా ఉన్నాయి, అవే ప్రమాదం. సగం తెరిచిన తలుపు అంచు తెలీదు, నుదుటికి రెండుసార్లు కుట్లు పడ్డాయి. రోడ్డు మీద గుంట తెలీదు, దానికి కర్రే కావాలి. దండెం తీగ తెలీదు శ్రీను గారూ, మా ఇంట్లో అందుకే దండెం మేడ మీదే. మన చెవికి వినపడే అల పొడుగు అలాంటిది, తీగ చుట్టూ జారిపోతుంది, అక్క రాసిన వెదురు కర్ర సంగతే. కానీ అద్దం గోడ నాకు బాగానే తెలుస్తుంది, నేను మెల్లగా నడుస్తాను, ఎదురుగా నిలబడతాను, ఇంకోసారి టక్ అంటాను. గబ్బిలానికి ఆ టైము లేదు పాపం. బ్యాండు మేళం పక్కన, వాన గట్టిగా కురిసేటప్పుడు రేకుల షెడ్డు కింద, జనరేటర్ దగ్గర నాకు నిజంగా చీకటి.

లంకఊరు_శ్రీను:

మాస్టారూ, మీరు రాసింది మా నాయనమ్మకి ఫోన్‌లో మొత్తం చదివి వినిపించాను. "ఆయన్ని పండక్కి మనింటికి రమ్మను, దండేలు తీసేద్దాం" అంది. నిజంగానే రండి.

మా ఆఫీసు అద్దం గోడ సంగతి ఫెసిలిటీస్ వాళ్ళకి మెయిల్ పెట్టాను, కనీసం అక్కడ పడినవాటిని ఊడ్చెయ్యకుండా తేదీతో రాసి పెట్టమని. ఇంకొకటి, పడి ఉన్నది బతికుంటే ఏం చెయ్యాలి అక్కా?

రాత్రి_డిటెక్టర్:

ఉత్త చేత్తో ముట్టుకోవద్దు. మందం గుడ్డతో గానీ తోలు గ్లవుజుతో గానీ ఎత్తి చిల్లులు పెట్టిన అట్టపెట్టెలో పాత గుడ్డ వేసి పెట్టండి, చీకటిగా చల్లగా ఉండే చోట ఉంచి సాయంత్రం చీకటి పడ్డాక పెట్టె తెరిచి చెట్టుకి ఆనించండి, చాలా రకాలు నేల మీంచి లేవలేవు, పై నించి జారితేనే ఎగురుతాయి. కొరికినా గీరినా సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి వెంటనే రేబిస్ టీకాకి వెళ్ళాలి, చిన్న గాటేగా అనుకోవద్దు. ఇంట్లోకొస్తే ఫ్యాను ఆపండి, అదొక్కటే దాన్ని చంపేది, తిరిగే రెక్క దానికి కూడా అందదు. లైట్లు తీసేసి కిటికీలు తలుపులు తెరిచి మీరు బయటికొచ్చెయ్యండి. మీ ఇంట్లో ఆరోజు కరెంటు పోవడం దాని అదృష్టం.